పద్మినిని రేకు చూసి కొనాలి

షెడ్డు తలుపు రెక్క ఒకటి మట్టిలో కూరుకుపోయింది. భుజం ఆనించి నెడితే మనిషి పట్టేంత సందు వచ్చింది. పక్కకి తిరిగి లోపలికి దూరాం. చీకటికి కళ్లు అలవాటు పడకముందే వాసనలు ముక్కుకి తగులుతున్నాయి. ఎలుకలు, పాత రెక్సిన్, ట్యాంకులోనే ఎండి జిగురైపోయిన పెట్రోలు. బయట తెనాలిలో మిట్టమధ్యాహ్నం. ఎక్కడో పిండిమర ఆడుతోంది. లోపల టార్పాలిన్ కింద కారు.

"ఆ కొస పట్టండి సార్. లాగొద్దు, మడవండి. లాగితే దుమ్మంతా రంగుని గీరేస్తుంది."

చెప్పేది మేస్త్రి. విజయవాడ ఆటోనగర్ నుంచి మన వెంట వచ్చాడు. అరవై దాటాయి, ఇప్పటికీ గొంతుక్కూర్చుంటే చెయ్యి ఆసరా లేకుండా లేస్తాడు. ఇద్దరం టార్పాలిన్ వెనక్కి మడుస్తుంటే ముందు గుండ్రటి దీపాలు, తర్వాత తలుపు అద్దాల మూల తిరిగే ముక్కోణపు చిన్న అద్దాలు, చివర వెనక దీపాల మీదుగా సన్నగా లేచిన రెక్కల అంచులు కనబడ్డాయి. టైర్లు నేలకి అంటుకుపోయాయి. ప్రీమియర్ పద్మిని, 1978 మోడల్. షెడ్డు బయట నిలబడ్డ ఇంటావిడకి మాత్రం అది ఫియట్. ఆ తరం వాళ్లెవరూ దాన్ని ఇంకో పేరుతో పిలవగా వినలేదు.

మేస్త్రి బానెట్ ఎత్తడు. కొనవచ్చిన వాళ్లందరూ ముందు ఎత్తమనేది అదే. ఎత్తి, చూసి, తెలిసినట్టు తలాడిస్తారు. ఆయన చొక్కా జేబులోంచి పాత స్పీకరులో పీకిన అయస్కాంతం తీశాడు. రంగు మీద గీత పడకుండా దానికి బనీను గుడ్డ చుట్టి ఉంది. తలుపు మీద పెట్టాడు. టక్కున అంటుకుంది. పైకప్పు మీదా అంతే. ముందు చక్రం వెనకాల మడ్‌గార్డు కిందిభాగానికి తెచ్చేసరికి అయస్కాంతం చేతిలోంచి జారి కింద పడింది.

"పుట్టీ," అన్నాడు. వేలి కణుపుతో కొట్టి చూపించాడు. పైన ఖంగుమన్న రేకు ఇక్కడ బొద్దుగా పలికింది. "ఇక్కడ రేకు లేదు సార్, ఉన్నట్టు నటిస్తోంది."

ఇక సోదా మొదలైంది. డ్రైవరు కాళ్ల దగ్గర రబ్బరు మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవరు మొన ఆనించాడు. నొక్కకుండానే దిగిపోయింది. కిందికి తొంగిచూస్తే షెడ్డు నేల కనబడుతోంది. డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలోనూ అదే తంతు. అందరూ డెల్టా నేల చెమ్మని తిడతారుగానీ, ఈ తుప్పు కిందనుంచి రాలేదట. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి నెర్రెలిచ్చింది. వాన పడ్డప్పుడల్లా నీళ్లు ఆ సందుల్లోంచి జారి, మ్యాటు కింద చేరి, బయటికి దారిలేక అక్కడే కూర్చున్నాయి. రబ్బరు మార్చకుండా కింద కొత్త రేకు వేస్తే మళ్లీ రెండు వానాకాలాల పనే.

ఇంత పట్టింపు ఎందుకంటే, లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింద పొడుగునా పోయే పెట్టె రేకు, తలుపుల మధ్య స్తంభాలు, పైకప్పు, అన్నీ కలిపి వెల్డు చేసిన బాడీయే కారు బరువంతా మోస్తుంది. తలుపు కింది రేకు కుళ్లిందంటే ఎముక కుళ్లినట్టే. మేస్త్రి నాలుగు తలుపులూ తెరిచి, మూసి, తలుపుకీ స్తంభానికీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉందో లేదో గోరు పెట్టి చూశాడు. వెనక ఎడమ తలుపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు.

"పిల్లర్లు గట్టిగానే ఉన్నాయి. కింద రేకు మారిస్తే నిలబడుద్ది."

"మరి ఇంజను?"

"దానిదేముంది సార్. తిరక్కపోతే తిప్పుతాం. రేకు పోతే ఎక్కడ తెస్తారు?"

పాత కారు కొనేవాడికి ఇంతకన్నా పనికొచ్చే మాట నేనింకొకటి వినలేదు.

బేరం వరండాలో. ఇంటావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చి, తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా వారు డాక్టరు నాయనా. అర్ధరాత్రి కబురొచ్చినా ఇందులోనే వెళ్లేవారు. డబ్బు కట్టి ఏళ్లు ఎదురుచూస్తేగానీ రాలేదు. అదీ అప్పు చేసి." ఆ రోజుల్లో దేశంలో కార్లు చేసేవి ప్రధానంగా మూడే: హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల అంబాసిడర్, స్టాండర్డ్ వాళ్ల కార్లు, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసే ఫియట్. ఎన్ని చెయ్యాలో లైసెన్సు చెప్పేది. చేతిలో డబ్బున్నా వరస తప్పేది కాదు. అప్పు సంగతికొస్తే ప్రధానమంత్రికీ తప్పలేదు. లాల్ బహదూర్ శాస్త్రి ఫియట్ కొనుక్కోవాలనుకుంటే ధర 12,000 రూపాయలు, ఆయన దగ్గరున్నవి 7,000. మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకు దగ్గర అప్పు తీసుకున్నారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన పోయాక ఆ బాకీని భార్య లలితగారు తన పింఛనులోంచి తీర్చారు. ఆ కారు ఇప్పటికీ ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది.

మాటల్లో ఉండగానే డల్లాస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లోకి వచ్చాడు. అక్కడ అర్ధరాత్రి దాటినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అంకుల్, ఆన్‌లైన్‌లో చూశాను. ఇదే మోడల్ లక్షల్లో పెట్టారు."

మేస్త్రి ఫోన్ అందుకున్నాడు. "బాబూ, ఆ ఫోటోలో కారు కింద నిలబడి పైకి చూస్తే ఆకాశం కనపడదు. నాన్నగారి కారులో కనపడుద్ది. ఆ తేడా డబ్బులు మేమింకా పెట్టాలి." అవతల కుర్రాడు నవ్వేశాడు. ధర తెగింది. ఆవిడ మాత్రం డబ్బు లెక్కపెట్టుకోకుండా సి-బుక్కు పట్టుకొచ్చింది. ప్లాస్టిక్ కవరులో, ఇన్సూరెన్సు కాగితాలతో సహా.

కాగితాలు కూడా రేకంత ముఖ్యమే. యజమాని పేరు డాక్టరుగారిది, ఆయన లేరు. కాబట్టి మామూలు అమ్మకపు ఫారాలతో పని జరగదు. ముందు ఫారం 31 మీద, మరణ ధ్రువపత్రంతో, వారసుల కాగితంతో బండి ఆవిడ పేరుకి రావాలి. ఆ తర్వాతే 29, 30 ఫారాలతో మన పేరుకి. రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో దాటింది. పదిహేనేళ్లు నిండిన సొంత కారుకి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 5,000 అయింది. మేస్త్రి బానెట్ ఎత్తింది ఇప్పుడే. ఎత్తి, ఛాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. అచ్చు పడిన అంకెల్ని సి-బుక్కులో అంకెలతో ఒక్కొక్కటే పోల్చాం. కలిశాయి. కలవకపోతే మజ్జిగ తాగి లేచి రావడమే.

వింటేజ్ నంబరు సంగతి చాలామంది అడుగుతారు. 2021లో వచ్చిన రూలు ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి ‘విఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు, కొత్తగా చేయిస్తే ఫీజు 20,000. కానీ ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలుకో తప్ప రోడ్డెక్కించకూడదు. మన కారుకి ఇంకా ఆ వయసు రాలేదు. వచ్చినా నేనైతే ఆ జోలికి పోను. మార్కెట్టుకి వెళ్లి వంకాయలు తెచ్చుకోవడానికి పనికిరాని కారెందుకు?

చిన్న లారీ వచ్చింది. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచడంతో వెనక బ్రేకు షూలు డ్రమ్ములకి పట్టేశాయి. మేస్త్రి డ్రమ్ము చుట్టూ సుత్తితో కొడుతూ వచ్చాడు. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో లోపల ఏదో విడిన చప్పుడు, చక్రం బెత్తెడు కదిలింది. ఇంటావిడ "జాగ్రత్త నాయనా" అంది. కారుకి చెప్పిందో మనకి చెప్పిందో తెలియలేదు.

ఆటోనగర్‌లో పొద్దున్నే దిగితే ముందు వినబడేది చెక్క మీద రంపం. లారీ బాడీలు కట్టే చోటు ఇది. పక్కన లేత్ మిషను, ఆ పక్కన కమాన్ కట్టలు కాల్చే కొలిమి, ఎదురుగా టీ బంకు. మన కారు ఒక మూల రాళ్ల మీద నిలబడి ఉంది. సీట్లు, అద్దాలు, బంపర్లు, గ్రిల్లు, ఇంజను, అన్నీ ఊడదీసేశారు. ఒక కుర్రాడు నట్లూ బోల్టులూ పాత హార్లిక్స్ సీసాల్లో వేసి, దేనివి ఎక్కడివో కాగితం అంటిస్తున్నాడు. వాడి స్పెల్లింగులు వాడివే. ‘డోరు కబ్జా’ అని రాసిన సీసాలో వైపర్ స్క్రూలు కనబడితే మేస్త్రి నెత్తిన ఒక మొట్టికాయ.

రంగు గీకుతుంటే గోడకి ఏటేటా కొట్టిన సున్నంలా పొరలు లేస్తున్నాయి. తెలుపు, దాని కింద మెరూన్, ఇంకా కింద లేత నీలం. డిక్కీ కబ్జా లోపల బ్రష్షు అందని చోట ఆ నీలం ఇంకా మెరుస్తోంది. సి-బుక్కులోనూ నీలమే. రంగు ఏదన్న చర్చ అక్కడితో ముగిసింది. పక్క షెడ్డువాడు మెటాలిక్ వెయ్యమని సలహా ఇచ్చాడు. అలా వేసిన పద్మినులు రోడ్ల మీద చూశాను. పెళ్లికి అద్దెకి తెచ్చుకున్న సూటు వేసుకున్నట్టు ఇబ్బందిగా ఉంటాయి.

అసలు చూడాల్సింది టింకరింగ్. టింకరు మేస్త్రి వేరే మనిషి, మాట తక్కువ. కుళ్లిన నేలరేకు కొయ్యకముందు ఆయన చేసిన పని చూడండి. ఇనప యాంగిల్ ముక్కలు తెచ్చి ఒక్కో తలుపు ఖాళీకి అడ్డంగా, ఐమూలగా టాకాలు వేసి బిగించాడు. ఎందుకని అడిగితే సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాడు. కింది రేకు తీసేయగానే బాడీ మధ్యలో కుంగుతుంది. ఆ కుంగినదాని మీదే కొత్త రేకు వెల్డు చేస్తే జన్మలో తలుపులు సరిగ్గా పడవు. వంకర శాశ్వతమైపోతుంది. తొందరపడి బాగుచేసిన పాత కార్లలో తలుపు విసిరికొట్టి మూయాల్సి వస్తోందంటే చాలావరకు ఇదే కారణం.

తర్వాత అట్టపెట్టె చింపి, ఖాళీ మీద పరిచి, అంచుల వెంట పెన్సిలు నడిపాడు. ఆ అట్టముక్కే నమూనా. దాని ప్రకారం రేకు కత్తిరించి, దిమ్మె మీద పెట్టి, కొయ్య సుత్తితో గాడులు లేపాడు. కంపెనీ రేకులో ఆ గాడులు అందానికి వేసినవి కావు. పలచటి రేకుకి బిగువు ఇచ్చేది అవే. అవి లేకుండా చదును రేకు అతికిస్తే కారు కదిలినప్పుడల్లా నేల డప్పు మోగుతుంది. వెల్డింగు కూడా ఒక్క గుక్కలో లాగడు. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క, మధ్యలో తడిగుడ్డ. వేడి ఒకేచోట నిలిస్తే రేకు ముడుచుకుపోతుందని. మనం పక్కన కూర్చుని చూస్తుంటే సాయంత్రమైపోయింది, ఆయన ఒక వైపే ముగించాడు. నాకైతే మొత్తం పనిలో డబ్బు ఇవ్వబుద్ధయింది ఆయనకే. అందరికన్నా తక్కువ అడిగిందీ ఆయనే.

ఇంజను పని దాని పక్కన నిజంగానే చిన్నది. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, 68 మిల్లీమీటర్ల బోరు, 75 స్ట్రోకు. కొత్తలోనే దాని బలం నలభై గుర్రాల చిల్లర. ప్లగ్గులు తీసి రంధ్రాల్లో నూనె పోసి నానబెట్టి, పుల్లీ నట్టుకి పానా వేసి తిప్పితే మూడో రోజుకి మూలుగుతూ కదిలింది. ఊడదీసి చూస్తే బోర్లు కోలగా అరిగిపోయాయి. బోరింగు షాపుకి పంపాం, ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు వేశాం. ఒక్క చోట మాత్రం కళ్లు పెట్టాలి, అది హెడ్డు. బ్లాకు పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ. ఎప్పుడైనా రేడియేటరులో నీళ్లు చూడకుండా తోలి ఉంటే హెడ్డు వంగి, గాస్కెట్ తినేస్తుంది. మేస్త్రి ఉక్కు బద్దని హెడ్డు మీద నిలువుగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ ఆకు దూర్చాడు. మధ్యలో దూరింది. "డాక్టరుగారు జ్వరం చూడలేదు," అన్నాడు. సర్ఫేస్ గ్రైండింగుకి పోయింది.

సామాన్లకి మద్రాసు పుదుపేట. విడిభాగాలు గుట్టలు పోసిన ఆ సందుల్లో పద్మినికి క్లచ్ ప్లేటు, కింగ్ పిన్నుల సెట్టు, వీల్ సిలిండర్ కిట్లు అడిగితే ఎవడూ మొహం చిట్లించలేదు. గ్రిల్లు అడిగితే మాత్రం నవ్వారు. దీనికో కారణం ఉంది. ఉత్పత్తి ఆగి ఇరవై ఏళ్లు దాటినా బొంబాయిలో నలుపు పసుపు టాక్సీలుగా పద్మినులు తిరుగుతూనే వచ్చాయి. టాక్సీకి కావలసినవి క్లచ్చూ బ్రేకూనూ, తళతళలాడే గ్రిల్లు కాదు. అలా గిరాకీ ఉన్న సరుకు బతికింది. చివరిసారిగా అక్కడ టాక్సీగా రిజిస్టరైన పద్మిని 2003 అక్టోబరు 29న నమోదైంది. టాక్సీ వయసు ఇరవై ఏళ్లు దాటకూడదు కాబట్టి 2023 అక్టోబరు 30 నుంచి అదీ రోడ్డు దిగిపోయింది. ఇక దుకాణాల వెనక గదుల్లో ఉన్నదే సరుకు. నా మాట విని ఇవాళ కొనేవాళ్లు అవసరం లేకపోయినా ఒక ఫ్యూయల్ పంపు కిట్టు, ఒక వాటర్ పంపు తెచ్చి ఇంట్లో పడేసుకోండి. గ్రిల్లు, క్రోము రింగులు, బ్యాడ్జీలు మాత్రం కారుతో పాటు వచ్చినవాటినే కాపాడుకోవాలి. అవి పూర్తిగా ఉన్న కారుకి వెయ్యో రెండువేలో ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ఇదిగో స్టార్ట్ చేసే రోజు. ట్యాంకు ఇంకా కడుగుతున్నారు కాబట్టి పెట్రోలు సీసా బానెట్‌కి వేలాడదీసి పైపు తగిలించారు. మేస్త్రి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్ల మధ్య విజిటింగ్ కార్డు దూర్చి సందు చూసుకున్నాడు. తర్వాత మన తృప్తి కోసం ఫీలర్ గేజ్ కూడా పెట్టాడు. ప్లగ్గు వైర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో తగిలించాడు. చోక్ లాగి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను గిర్రున తిరుగుతోంది, అంటుకోవడం లేదు. డిస్ట్రిబ్యూటర్ని వేలెడు తిప్పి మళ్లీ కొట్టాడు. ఒక దగ్గు. కార్బురేటరులోంచి తెల్లటి పొగ ఎగిరింది. ఇంకాస్త తిప్పాడు.

అంటుకుంది. ఎదురుగా టీ బంకు దగ్గర ముగ్గురు గ్లాసులతోనే రోడ్డు దాటి వచ్చేశారు. ఆయిల్ దీపం ఆరింది. టాపెట్లు టిక్కు టిక్కుమంటున్నాయి. మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ, ఇంకో కొస చెవికీ ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఈ కాలపు కారు దగ్గర ఈ పని చెయ్యలేం. కంప్యూటరు తగిలించాలి, అది ఏదో నంబరు చెబుతుంది. దీని రోగం చెవికి వినబడుతుంది, చేతికి అందుతుంది. ఈ కార్ల మీద నాకున్న ఇష్టానికి నోస్టాల్జియా కన్నా ఇదే పెద్ద కారణం.

నీలం రంగు, కొత్త బీడింగులు, కుట్టించిన రెక్సిన్ సీటు. డాష్‌బోర్డు మీద పాత పగులు అలాగే ఉంచాం. బందరు రోడ్డు మీద బెంజి సర్కిల్ వైపు పోతున్నాం. ముందు సీటు ఒకటే బల్ల, మేస్త్రి మన పక్కన మోకాళ్లు చాపుకుని కూర్చున్నాడు. గేరు రాడ్డు స్టీరింగ్ కింద ఎడమ చేతికి. నిలబడ్డప్పుడు స్టీరింగ్ రాయిలా బరువు, చక్రం కదిలిందా తేలిక. ముక్కోణపు అద్దాన్ని లోపలికి తిప్పితే గాలి నేరుగా ఛాతీ మీదికి కొడుతోంది. అదే ఏసీ. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, ముందున్న కొత్త కారు ఆగినంత చప్పున ఇది ఆగదు. కాబట్టి ముందు రెండు కార్ల ఖాళీ వదులుతాం, ఆ ఖాళీలోకి మూడు ఆటోలు దూరతాయి.

ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగింది. ఏప్రిల్ ఎండ. నీళ్ల మీంచి వచ్చే గాలి కూడా వేడిగానే ఉంది. రెండు నిమిషాలు ఐడిలింగులో ఉండేసరికి ఇంజను తడబడి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది, అంటుకోదు. వెనక హారన్లు.

"కంగారు పడకండి. వేపర్ లాక్." మేస్త్రి దిగి బానెట్ ఎత్తాడు. ఫ్యూయల్ పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. ఆ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై, పంపు ఆవిరిని తోడుతూ కూర్చుంటుంది. వాటర్ బాటిల్ నీళ్లతో గుడ్డ తడిపి పంపు మీద కప్పాడు. ఈలోగా చుట్టూ నలుగురు. బైకు ఆపిన ఒకాయన "మా తాతగారికి ఉండేదండీ, ఇదే రంగు" అని ఫోన్ తీశాడు. ఇంకొకతను మైలేజీ అడిగాడు. మేస్త్రి గుడ్డ మీద ఇంకాస్త నీళ్లు పోస్తూ, ఇప్పుడొచ్చే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ అనీ, దానికి పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయనీ, అందుకే అన్నీ కొత్తవి వేశాననీ, అడగనివాళ్లకి కూడా చెబుతున్నాడు. మళ్లీ సెల్ఫ్ కొట్టాం. రెండో తిప్పుకి అంటుకుంది. బైకాయన చప్పట్లు కొట్టాడు.

బ్యారేజీ దిగి కరకట్ట మీదికి మళ్లాం. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరటి తోటలు. రోడ్డు ఖాళీ. నాలుగో గేరులో ఇంజను గొంతు సర్దుకుంది, మీటరులో ముల్లు పైకి పోతోంది. మేస్త్రి కిటికీలో మోచెయ్యి పెట్టుకుని చెయ్యాల్సిన పనులు ఒక్కొక్కటే చెబుతున్నాడు. ఐదొందల కిలోమీటర్లకి ఆయిల్ మార్చాలి. హెడ్డు బోల్టులు మళ్లీ టైటు చెయ్యాలి, కొత్త గాస్కెట్ కుదురుకుంటుంది కదా. కింగ్ పిన్నులకి గ్రీజు. "గురువారం పొద్దున్నే తీసుకురండి. ఇంజను చల్లగా ఉండగానే టాపెట్లు చూడాలి."

వెనకనుంచి పెద్ద బండి ఒకటి హారన్ కొట్టి, దాటి, దుమ్ము లేపుకుంటూ పోయింది. కాలు దానంతటదే యాక్సిలరేటరు మీదికి దిగింది.

"దాన్ని పోనివ్వండి సార్," అన్నాడు మేస్త్రి మీటరు వంక చూస్తూ. "రింగులింకా కూర్చోలేదు. యాభై దాటొద్దన్నానా?"